పది నెలల్లో ఇస్తామన్నాం, ఈలోగా కారు మారిపోయింది

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? చేతులూపుతున్నారు కాబట్టి వినిపిస్తున్నట్టే.

నన్ను పిలిచినప్పుడు "క్రౌడ్‌ఫండింగ్‌లో గెలవడం ఎలా" అన్న విషయం మీద, అంటే వస్తువు చేయకముందే జనం దగ్గర తలా కొంత డబ్బు పోగుచేయడం మీద, మాట్లాడమన్నారు. నాకు నవ్వొచ్చింది. మేం పెట్టుకున్న లక్ష్యం తొమ్మిది రోజుల్లో దాటిపోయింది, దాన్ని గెలుపంటే అనొచ్చు గానీ, ఆ తర్వాత ఏడాదిన్నర పాటు నాకు సరిగ్గా నిద్ర లేదు. అందుకని వీడియో ఎలా తీయాలి, మొదటి రోజే జనాన్ని ఎలా రప్పించాలి లాంటివి నా దగ్గర ఆశించకండి, అవి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను చెప్పేది డబ్బు చేతికొచ్చాక ఏమవుతుందన్నది. అది కూడా ఎలక్ట్రిక్ కారుకి తగిలించే వస్తువు విషయంలో, ఎందుకంటే ఈ కార్ల సంగతి వేరు.

మేం చేసిన వస్తువేంటో ముందు చెప్తాను. టెస్లా కంపెనీ ఎలక్ట్రిక్ కారు మోడల్ 3 చాలామంది చూసే ఉంటారు. 2017లో వచ్చింది. డ్రైవర్ కళ్లెదురుగా మీటర్లేవీ ఉండవు, మధ్యలో 15 అంగుళాల తెర ఒక్కటే ఉంటుంది, స్పీడెంతో తెలియాలన్నా పక్కకి చూడాల్సిందే. కొందరికి వారం రోజుల్లో అలవాటైపోతుంది, కొందరికి ఎన్నాళ్లకీ కాదు. నేను రెండో రకం. స్టీరింగ్ వెనకాల డ్యాష్‌బోర్డ్ మీద అరచేతిలో పట్టేంత తెర పెట్టి అందులో స్పీడు, ఇండికేటర్, బ్యాటరీ శాతం, ఈ మూడూ చూపిస్తే చాలనుకున్నాం. మేం అంటే నేనూ, నా స్నేహితుడూ. సర్క్యూట్లు వాడివి, ప్రోగ్రామింగ్ నాది, తిట్లు మాత్రం ఇద్దరం సమానంగా పంచుకున్నాం.

మొదటి నమూనాకి బ్రాకెట్ త్రీడీ ప్రింటర్‌లో పీఎల్ఏ ప్లాస్టిక్‌తో తీశాం. ఇంట్లో బల్ల మీద రాయిలా ఉంది. కార్లో అంటించి, అద్దాలు మూసి, ఎండలో పెట్టి, మధ్యాహ్నం వెళ్లి చూస్తే తెర వాడిపోయిన పొద్దుతిరుగుడు పువ్వులా తల వాల్చేసింది. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డ్ అంతకంటే ఎక్కువే కాలుతుంది. ఇది చదువుకున్నవాళ్లం, తెలియక కాదు, కార్లో పెట్టి చూసేదాకా తట్టలేదంతే. ఆ దెబ్బతో ఇంకా ఎక్కువ వేడి తట్టుకునే ఏఎస్ఏ ప్లాస్టిక్‌కి మారాం. మామూలు చిప్‌లు చాలావాటికి 70 డిగ్రీల దాకానే హామీ ఉంటుంది, వాటిని తీసేసి కార్ల కోసం చేసే గ్రేడు వాటికి వెళ్లాం. లోపల చిన్న లిథియం సెల్ పెడదామనుకున్నది కూడా మానేశాం. వేడి ఒక కారణం, రెండోది, లిథియం సెల్ ఉన్న ఏ పెట్టెనైనా దేశాలు దాటించాలంటే ఆ సెల్ ఐక్యరాజ్యసమితి పెట్టిన యూఎన్ 38.3 పరీక్షలు పాసై ఉండాలి, పెట్టె మీద లేబుళ్లు అంటించాలి, అదంతా ఇంకో తలనొప్పి.

ఇదంతా క్రౌడ్‌ఫండింగ్‌కి ముందే జరిగింది, అదొక్కటే మేం చేసిన మంచి పని. నిజానికి ఆ నమూనా లేకపోతే మమ్మల్ని రానిచ్చేవాళ్లు కూడా కాదు. మేం డబ్బు అడిగిన వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్ 2012లోనే హార్డ్‌వేర్ ప్రాజెక్టులకి రూలు పెట్టింది, కంప్యూటర్‌లో గీసిన అందమైన బొమ్మలు వస్తువు ఫొటోల్లా చూపించకూడదు, ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చూపించాలి అని. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అప్పటికి వచ్చేవి అలా వచ్చేవి మరి.

ఇక అసలు కథ. మేం అమ్మకాలు మొదలుపెట్టకముందు... అమ్మకాలు అనకూడదు, నోరు జారింది. మద్దతు అనాలి. బ్యాకర్ వస్తువు కొనట్లేదు, మనం చేస్తామన్న మాట మీద ముందుగా డబ్బిస్తున్నాడు. అంతకుముందు ఆరుగురు స్నేహితుల కార్లలో ఆరు డబ్బాలు, అంటే మా తెరలే, పెట్టాం. నాలుగో రోజు రాత్రి ఒకాయన ఫోన్ చేశారు. "మీ డబ్బా పెట్టినప్పట్నించీ నా కారు నిద్రపోవట్లేదండీ" అన్నారు. నాకు అర్థం కాలేదు. "గ్యారేజీలోకి వెళ్తే ఏదో ఫ్యాను తిరుగుతున్నట్టు వినపడుతూనే ఉంది, పొద్దున్న లేచేసరికి నాలుగు శాతం చార్జింగ్ తగ్గిపోతోంది" అన్నారు.

ఇది కొంచెం విడమర్చి చెప్పాలి. ఎలక్ట్రిక్ కార్లో రెండు కరెంటు వ్యవస్థలు ఉంటాయి. చక్రాలు తిప్పేది పెద్ద బ్యాటరీ, వందల వోల్టులది. లైట్లు, తాళాలు, తెరలు, కంప్యూటర్లు నడిపేది చిన్న బ్యాటరీ, చాలా కార్లలో 12 వోల్టులది. కారు పార్క్ చేసి వెళ్లిపోయాక కాసేపటికి పెద్ద బ్యాటరీని కారుకి కలిపే పెద్ద స్విచ్‌లు, వాటినే కాంటాక్టర్లు అంటారు, టక్‌మని విడిపోతాయి, కంప్యూటర్లు ఒక్కొక్కటిగా నిద్రలోకి జారుకుంటాయి. ఆ కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగల జతని క్యాన్ బస్ అంటారు, బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన పద్ధతి, ఇప్పటికీ అదే నడుస్తోంది. మా డబ్బా ఆ తీగల మీద సెకనుకోసారి "బ్యాటరీ ఎంతుంది?" అని అడుగుతోంది. కారు దృష్టిలో ఎవరో మాట్లాడుతున్నారు, అంటే మనుషులున్నారు, కాబట్టి పడుకోకూడదు. నిద్రపోయే పిల్లాణ్ణి సెకనుకోసారి "పడుకున్నావా?" అని అడిగితే వాడేం పడుకుంటాడు?

మేం కొలిస్తే మెలకువగా ఉన్న కారు సుమారు 200 వాట్లు తాగుతోంది. రోజుకి 24 గంటలు, అంటే 4.8 యూనిట్లు. 60 యూనిట్లు పట్టే బ్యాటరీలో అది 8 శాతం. వారం రోజులు ఊరెళ్లొస్తే సగానికి పైగా హాంఫట్. మన డబ్బా తాగేది ఒక్క వాటు కూడా కాదు, కానీ దానివల్ల కారంతా మేలుకుని ఉంది. ఇది మా తప్పే, కారు తప్పు రవ్వంత కూడా లేదు.

బాగుచేయడానికి ఆరు వారాలు పట్టింది. డబ్బా ఇక అడగదు, వింటుంది అంతే. క్యాన్ చిప్‌లో వినడానికి మాత్రమే అనే మోడ్ ఉంటుంది, అందులో పెట్టేశాం. తీగ మీద మాటలు ఆగిపోయి అర నిమిషం గడిస్తే డబ్బా కూడా పడుకుంటుంది, మళ్లీ మాటలు మొదలైతే లేస్తుంది. చెప్పడానికి రెండు వాక్యాలు, చేయడానికి నలభై రాత్రులు. మా వాడు కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పట్టుకుని చీకట్లో కారు పక్కన కూర్చుని కాంటాక్టర్ల టక్ శబ్దం కోసం చెవులు రిక్కించుకుని ఉండేవాడు. ఆ టక్ వినపడిన రాత్రి నన్ను లేపి మరీ చెప్పాడు.

ఇదే వెయ్యిమందికి పంపాక బయటపడి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. మీరు ఏ యాక్సెసరీ చేసినా, అది బటన్ కానీ లైటు కానీ కెమెరా కానీ, కార్లో కరెంటు తీసుకునేదైతే, డబ్బు అడగడానికి ముందు పది రోజులు కారు కదపకుండా పార్క్ చేసి చూడండి. నడిపి చూడటం కాదు, నిలిపి చూడటం.

సరే, డబ్బు దగ్గరికొద్దాం. కిక్‌స్టార్టర్‌లో పద్ధతి, లక్ష్యం చేరితేనే డబ్బు, లేకపోతే ఎవరి డబ్బు వాళ్లకే, ఎవరి దగ్గరా పైసా తీసుకోరు. ఇండీగోగో అనే ఇంకో వెబ్‌సైట్‌లో అప్పట్లో ఎంతొస్తే అంత తీసుకునే పద్ధతి కూడా ఉండేది. మేం మొదటిదాన్నే ఎంచుకున్నాం, ఎంచుకుని దాని ప్రయోజనాన్ని మా చేతులతో మేమే చెడగొట్టుకున్నాం. ఎలాగంటే, మాకు నిజంగా కావాల్సింది పది అనుకోండి, మేం నాలుగే అడిగాం. చిన్న లక్ష్యం పెడితే తొందరగా దాటుతుంది, దాటితే జనం నమ్ముతారు, ఇంకా వస్తారు, అని అందరూ చెప్పే చిట్కా. వచ్చారు కూడా, మా అదృష్టం. కానీ నాలుగు దగ్గరే ఆగిపోయి ఉంటే? మౌల్డ్‌కి, అంటే ప్లాస్టిక్ డబ్బాలు పోసే అచ్చుకి, కూడా చాలని డబ్బు, వందలమందికి ఇచ్చిన మాట, రెండూ మా మెడకి చుట్టుకునేవి. లక్ష్యం చేరకపోతే వెనక్కిచ్చేయడం అనే రూలు బ్యాకర్‌కే కాదు, మనకి కూడా రక్షణ. తక్కువ లక్ష్యం పెట్టడమంటే ఆ రక్షణ గోడని మనమే కూల్చుకోవడం.

వచ్చిందంతా మనది కాదు. వేదిక 5 శాతం తీసుకుంటుంది, కార్డు చెల్లింపుల ఖర్చు ఇంకో 3 నుంచి 5 శాతం. కొందరి కార్డులు పనిచేయవు, ఆ డబ్బు రానే రాదు. ఇంజెక్షన్ మౌల్డ్ అనేది వంద డబ్బాలు చేసినా పదివేలు చేసినా ఒకటే ఖర్చు. రేడియో తరంగాల పరీక్షలూ అంతే. మీ వస్తువు కారులో రేడియోకి గానీ ఇంకో కంప్యూటర్‌కి గానీ అడ్డుపడట్లేదని చూపించాలి, చాలా దేశాలు దీనికి యూఎన్ రెగ్యులేషన్ 10 అనే నిబంధననే పాటిస్తాయి. ఫెయిలైతే బోర్డు మార్చి మళ్లీ వెళ్లాలి, మళ్లీ కట్టాలి. మేం రెండుసార్లు వెళ్లాం. షిప్పింగ్ లెక్క ఇంకో వింత. కొరియర్‌వాళ్లు బరువొక్కటే చూడరు, పెట్టె కొలతలు కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలాచోట్ల 5000తో భాగిస్తారు, ఆ వచ్చినదీ అసలు బరువూ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. మా పెట్టె చూడ్డానికి ముచ్చటగా ఉండాలని పెద్దది చేయించాం. గాలికి కొరియర్ చార్జీ కట్టాం.

ఎక్కువ డబ్బొస్తే సమస్యలు తీరిపోతాయనుకుంటారు. కూలెస్ట్ కూలర్ సంగతి గుర్తుందా? 2014లో కిక్‌స్టార్టర్‌లో 62 వేలమందికి పైగా బ్యాకర్లు, 1.3 కోట్ల డాలర్లకి పైగా వచ్చాయి. బ్లెండరూ స్పీకరూ ఉన్న ఐస్ పెట్టె అది. ఒక్కో పెట్టె చేయడానికయ్యే ఖర్చు తీసుకున్నదానికంటే ఎక్కువైపోయింది. డబ్బు కోసం బ్యాకర్లకి ఇవ్వకముందే బయట అమెజాన్‌లో అమ్మారు, జనానికి మండింది. 2019 చివర్లో కంపెనీ మూతపడేనాటికి మూడోవంతు మందికి దాకా వస్తువు అందనే లేదు. 2014లో వాళ్లకి ఆ డబ్బు వచ్చేనాటికి కిక్‌స్టార్టర్‌లో అంత తెచ్చుకున్న ప్రాజెక్టే లేదు. ఈథన్ మాలిక్ అనే ప్రొఫెసర్ 2014లో ప్రచురించిన పరిశోధనలో నాలుగింట మూడొంతులకి పైగా ప్రాజెక్టులు చెప్పిన సమయానికి ఇవ్వలేకపోయాయని తేలింది. లక్ష్యాన్ని ఎంత ఎక్కువగా దాటితే ఆలస్యం అంత పెరుగుతోందని కూడా అందులోనే ఉంది. కిక్‌స్టార్టర్ మీద 2015లో ఆయనే చేసిన ఇంకో అధ్యయనంలో మొత్తానికే ఇవ్వలేకపోయినవి 9 శాతం. అంటే అసలివ్వనివాటికంటే ఆలస్యాలే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఆలస్యమైతే ఏముంది, క్షమాపణ చెప్పి తర్వాత ఇస్తాం అంటారా? ఐస్ పెట్టె ఏడాది లేటుగా వచ్చినా అది ఐస్ పెట్టే. కారు యాక్సెసరీ అలా కాదు. మనం లేటవుతున్న ప్రతి నెలా అవతల కారు మారిపోతూ ఉంటుంది. ఇవాళ నేను చెప్పాలనుకున్నదల్లా నిజానికి ఇదే.

పెట్రోలు కారైతే ఓబీడీ పోర్టు అని ఒకటి ఉంటుంది, మెకానిక్ తన పరికరం తగిలించి కారు సమాచారం చదివే సాకెట్. అమెరికాలో 1996 నుంచి తప్పనిసరి చేశారు, పొగ ఎంత వదులుతోందో చూడ్డానికి. ఎలక్ట్రిక్ కారుకి పొగగొట్టమే లేదు, కాబట్టి మేం ఈ పని చేసేనాటికి ఆ పోర్టు ఎలా ఉండాలో కంపెనీ ఇష్టంగా ఉండేది. అప్పటి మోడల్ 3లో ఆ మామూలు పోర్టు లేదు. మేం మధ్య కన్సోల్ వెనక ప్యానెల్ తీసి అక్కడున్న కనెక్టర్‌కి మధ్యలో మా తీగ కలిపాం. అదైనా ఒకటేనా? మొదటి కార్లలో 20 పిన్నులది, 2019 నుంచి వచ్చినవాటిలో 26 పిన్నులది. రెండు రకాల తీగలు చేయించాలి, ఎవరి కారు ఏ నెలలో తయారైందో ఒక్కొక్కర్నీ అడగాలి. సగంమంది కారు కొన్న తేదీ చెప్తారు, మనకి కావాల్సింది తయారైన తేదీ.

మేం 2021 మొదట్లో డబ్బు తీసుకుని పది నెలల్లో ఇస్తామన్నాం. ఆ ఏడాదే చిప్‌ల కరువు. మా డబ్బాకి మెదడులాంటి చిప్, మైక్రోకంట్రోలర్‌కి ఆర్డరిస్తే 52 వారాలన్నారు. ఇంకో చిప్‌కి మారి ప్రోగ్రామంతా తిరగరాశాను, మౌల్డ్ మొదటి శాంపిల్స్‌లో తెర చుట్టూ గుంటలు పడ్డాయి, సరిదిద్దడానికి ఇంకో నెల. ఇలా ఒకదానిమీద ఒకటి పడుతుండగా 2021 చివర్లో కొత్త కార్లలో పాత 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ బదులు లిథియం అయాన్‌ది పెట్టడం మొదలైంది. అది 15.5 వోల్టులది. మా బోర్డులో కరెంటు వచ్చే చోట ఉన్న కెపాసిటర్లు, కరెంటుని నిలకడగా ఉంచే చిన్న భాగాలు, 16 వోల్టుల దాకానే తట్టుకునేవి. మా వాడు డేటా షీటు చూసి అలా కూర్చుండిపోయాడు. సరిగ్గా చెప్పాలంటే 12 వోల్టుల కారులో కూడా అక్కడ 16 వోల్టులవి పెట్టకూడదు, కార్లలో ఒక్కోసారి క్షణకాలం అంతకు చాలా రెట్లు వోల్టేజీ వస్తుంది, ఎక్కువ తట్టుకునేవి పెట్టి ఉండాల్సింది. పైసల్లో తేడా. ఆ పైసల కోసం మొదటి విడత బోర్డులన్నీ చేత్తో విప్పి, పాతవి ఊడదీసి, కొత్తవి అంటించాం. నా వేలి మీద టంకం కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది, ఇదిగో.

ఇక సాఫ్ట్‌వేర్. కారు రాత్రి ఇంట్లో ఉండగానే అప్‌డేట్ దించుకుంటుంది. క్యాన్ బస్ మీద ఏ అంకెకి ఏ అర్థమో ఎవరూ మనకి రాసివ్వరు, చూసి చూసి మనమే కనుక్కోవాలి. ఒకరోజు ఒక అప్‌డేట్‌తో ఇండికేటర్ సమాచారం ఇంకో చోటికి మారింది. మా తెరలో ఎడమ బాణం వెలగడం మానేసింది, కుడిది మాత్రం దర్జాగా వెలుగుతోంది. వాళ్ల కారు వాళ్లిష్టం, మనకి చెప్పాలని ఎక్కడా లేదు. ఫోన్ నుంచి బ్లూటూత్ ద్వారా మా డబ్బా ప్రోగ్రాం మార్చే ఏర్పాటు ముందే పెట్టాం కాబట్టి రెండు రోజుల్లో సర్దేశాం. ఆ ఏర్పాటు దండగని మొదట్లో నేనే వాదించాను, మా వాడు వినలేదు.

అంతకంటే పెద్ద గండం, కంపెనీయే మన వస్తువుని కార్లో పెట్టేయడం. మొదటి మోడల్ 3ల్లో ఫోన్‌కి వైర్‌లెస్ చార్జింగ్ లేదు, బయటివాళ్లు ప్యాడ్‌లు చేసి అమ్మారు, 2020కల్లా కొత్త కార్లలో అది మామూలుగానే వచ్చేసింది. 2023లో కొత్తగా మార్చిన మోడల్ 3లో ఇండికేటర్ కాడ తీసేసి స్టీరింగ్ మీద బటన్లు పెట్టారు, వెంటనే బయట కాడలు చేసేవాళ్లు పుట్టుకొచ్చారు, అదే కంపెనీ 2025 మోడల్ వై కారులో మాత్రం ఆ కాడ ఉంది. కారులో లేనిదాన్ని చూసుకుని మనం వ్యాపారం పెడతాం, ఆ లోటు ఎన్నాళ్లుంటుందన్నది మన చేతుల్లో లేదు. కాబట్టి పది నెలలు పట్టే వస్తువు మీద రెండేళ్ల తర్వాత కారెలా ఉంటుందో పందెం కాయకండి. ఇప్పటికే రోడ్డు మీద తిరుగుతున్న కార్లు లెక్కపెట్టుకోండి. అవి మారవు, కనీసం వాటి ప్లాస్టిక్ మారదు.

మేం ఇంకో తెలివితక్కువ పని చేశాం. లక్ష్యం దాటిన ఉత్సాహంలో ఇంతొస్తే ఇంకో రంగు, అంతొస్తే స్టీరింగ్ కుడివైపున్న కార్లకి కూడా, అని వాగ్దానాలు పెంచుకుంటూ పోయాం. స్టీరింగ్ కుడివైపంటే అద్దంలో తిప్పినట్టే కదా అనుకున్నాం. తీగ వెళ్లే దారి వేరు, పొడవు వేరు, డ్యాష్‌బోర్డ్ వంపు వేరు. అదనంగా వచ్చిన డబ్బు మొత్తం ఆ ఒక్క మాటకే సరిపోయింది.

చివరికి ఐదు నెలలు లేటుగా పంపడం మొదలుపెట్టాం, మరో నాలుగు నెలలకి అందరికీ అందాయి. ఈ మధ్యలో నేర్చుకున్నదేంటంటే, ఆలస్యానికి జనం తిట్టరు, మౌనానికి తిడతారు. ఊడదీసిన కెపాసిటర్ల కుప్ప ఫొటో పెట్టి "ఇది మా తప్పు" అని రాసిన రోజు ఒక్కరు కూడా డబ్బు వెనక్కి అడగలేదు. అంతకుముందు "అంతా సవ్యంగా సాగుతోంది" అని రాసిన నెలలో మాత్రం పదిమందికి పైగా అడిగారు. ఎవరికి తెలియదండీ, సవ్యంగా సాగేవాడు అలా రాయడు.

ప్రశ్నలుంటే అడగండి.

వారంటీ పోతుందా అని అడుగుతున్నారు. దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ప్రకారం బయటి వస్తువు పెట్టారన్న ఒక్క కారణంతో వారంటీ తీసేయడానికి లేదు, దానివల్లే పాడైందని వాళ్లు చూపించాలి. ఆ మాట నిజమే గానీ, అక్కడ కౌంటర్ దగ్గర నిలబడి వాదించాల్సింది మన బ్యాకర్, మనం కాదు. అందుకే ఏ తీగా కోయకుండా, ఐదు నిమిషాల్లో విప్పేసి కారుని ముందున్నట్టు చేసేలా పెట్టాం. సర్వీసుకి వెళ్లేముందు తీసేయండి అని పెట్టెలోనే కాగితం పెట్టాం.

వెనకాయన అడుగుతున్నది, వినడంతో పాటు కారుకి ఆజ్ఞలు కూడా ఇస్తే ఇంకా బాగుంటుంది కదా అని. బాగుంటుంది, జనం ఎగబడి కొంటారు కూడా. కానీ తలుపు తెరిచే బటన్ వేరు, బండి నడిచే తీరులో వేలు పెట్టడం వేరు. 2018లో స్టీరింగ్ మీద చేయి ఉన్నట్టు కారుని నమ్మించే ఒక బరువు ముక్కని అమ్మితే అమెరికా రోడ్డు భద్రతా సంస్థ అమ్మకం ఆపమని నోటీసిచ్చింది. అందులో చిప్ లేదు, సర్క్యూట్ లేదు, బరువు అంతే. ఎయిర్‌బ్యాగ్ దారిలో ఏమీ పెట్టకండి, బ్రేకు, స్టీరింగ్ జోలికి వెళ్లకండి. అంతకుమించి నన్నడక్కండి, నాకే భయం.

ఇంకోసారి చేస్తారా అంటున్నారు. మా వాడు చేద్దామంటున్నాడు. ఈసారి మౌల్డ్ సొంత డబ్బుతో చేయించుకుని, మొదటి వంద డబ్బాలు చేతిలో పెట్టుకుని, అప్పుడు జనాన్ని అడుగుదాం అంటున్నాడు. అంత డబ్బుంటే జనాన్ని అడగడం దేనికి అని నేనంటాను, రాబోయే వెయ్యి డబ్బాలకి అంటాడు. ఇంకా తేలలేదు.

తల వాల్చేసిన ఆ మొదటి బ్రాకెట్ ఈ బల్ల మీదే పెట్టాను, దాని పక్కనే 20 పిన్నులదీ 26 పిన్నులదీ రెండు తీగలున్నాయి. దగ్గరికొచ్చి పట్టుకుని చూడండి. కనెక్టర్ తాళం మాత్రం గోటితో నొక్కి తీయండి, లాగకండి, ఒక్కో రకానిదీ ఒక్కటే మిగిలింది నా దగ్గర.